ఇంప్లాంట్ పక్కన చిగురు నల్లబడింది: లోహం పొడి నిజంగా ఒంట్లోకి దిగుతుందా?

కొబ్బరితోట
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మకి 62 ఏళ్ళు, షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. నాలుగేళ్ళ కిందట కింది దవడలో కుడివైపు దంతం పోతే ఇంప్లాంట్ పెట్టించాం. ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలల నుంచి క్యాప్ అంచున చిగురు మీద బూడిదరంగు గీత కనబడుతోంది. పెన్సిల్‌తో గీసి వేలితో రుద్దితే ఎలా ఉంటుంది, అలా. నొప్పి లేదు. బ్రష్ చేసేటప్పుడు రెండు మూడుసార్లు రక్తం కనబడిందంది.

పోయినవారం పెట్టిన చోటికే తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీసి, "ఎముకలో గట్టిగానే ఉంది, చిగురు పల్చబడి లోపలి లోహం కనబడుతోంది, అంతే" అన్నారు. సరే అని వచ్చేశాం. ఇంతలో మా బావ వాట్సాప్‌లో ఓ వీడియో పంపాడు. ఇంప్లాంట్ల నుంచి టైటానియం పొడి రాలి రక్తంలో కలుస్తుందట, కాన్సర్ వస్తుందట, తీయించేయాలట. అది విన్న దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. "నా నోట్లో ఈ ఇనుపముక్క నాకొద్దురా" అంటోంది. తాపేశ్వరం కాజా కొరకాలని ముచ్చటపడి పెట్టించుకున్న మనిషి ఇలా అంటోంది!

పొడి రాలడం అన్నది నిజమేనా? నిజమైతే ఏం చేయాలి?

పంటురేవు
తొందరపడి తీయించకండి. ఎముకకి పట్టేసిన ఇంప్లాంట్ తీయడమంటే మేకు పీకినట్టు కాదు. చుట్టూ ఎముక కూడా కొంత పోతుంది. నేను సఖినేటిపల్లి రేవులో పంటు కోసం చూస్తూ ఫోన్‌లో టైపు చేస్తున్నాను, మిగతాది రాత్రికి రాస్తా.

చిగుళ్ళవైద్యం
నేను రాజమండ్రిలో చిగుళ్ళ వైద్యం చేస్తుంటాను. ఇక్కడ చూడకుండా రోగనిర్ధారణ చెప్పను గానీ, అడిగిన ప్రశ్నకి మాత్రం సూటిగా చెప్తాను.

పొడి రాలడం నిజమే. దాచాల్సిన విషయం కాదు. ఇంప్లాంట్ చుట్టూ తీసిన చిగురు ముక్కల్లో టైటానియం రేణువులు కనబడ్డాయని చాలామంది పరిశోధకులు రాశారు. కొన్ని మైక్రాన్లలో లెక్కపెట్టేంత ఉంటాయి, కొన్ని నానోమీటర్లలో. ఆరోగ్యంగా ఉన్న ఇంప్లాంట్ల దగ్గర కూడా ఇవి దొరికాయి. వాచి, చీము పట్టి, ఎముక కరిగిన ఇంప్లాంట్ల దగ్గర ఎక్కువగా దొరికాయి. చిక్కంతా ఇక్కడే. రేణువులు ఎక్కువయ్యాయి కాబట్టి వాచిందా, వాచింది కాబట్టి లోహం ఎక్కువగా అరిగిందా? వాచినచోట క్రిములు వదిలే ఆమ్లమూ, మన రక్షణ కణాలు వదిలే పెరాక్సైడూ కలిసి లోహం మీద పొరని తినేస్తాయి. అంటే రెండోది కూడా పూర్తిగా సాధ్యమే.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, మాక్రోఫేజ్ అనే కణాలు చెత్త ఎత్తే పని చేస్తాయి. రేణువు కనబడితే మింగేస్తాయి. క్రిమిని మింగితే అరిగించుకుంటాయి, లోహాన్ని అరిగించుకోలేవు. దాంతో చికాకుపడి ఇంటర్‌ల్యూకిన్, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు సంకేతాలు విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు ఎక్కువైతే ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు నిద్రలేస్తాయి. తుంటి మార్పిడి చేసినచోట అరిగిన పొడి వల్ల ఎముక కరగడం ఎముకల డాక్టర్లు దశాబ్దాలుగా చూస్తున్నదే. నోట్లో కూడా ఇదే దారిలో జరగొచ్చని అనుమానం. కానీ ఇంప్లాంట్ చుట్టూ ఎముక కరగడానికి అసలు కారణం పాచి, అంటే క్రిముల పొర, అన్నదే ఇప్పటికీ బలంగా నిలబడిన మాట. అమెరికా, యూరప్ చిగుళ్ళ వైద్య సంఘాలు 2017లో కూర్చుని 2018లో అచ్చువేసిన వర్గీకరణలో కూడా, లోహపు రేణువులే ఈ జబ్బుకి కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవనే రాశారు.

బూడిదరంగుకి మూడు నాలుగు కారణాలుంటాయి. చిగురు పల్చగా ఉంటే కింద లోహం నీడ కనబడుతుంది, అది జబ్బు కాదు. పక్క పంటికి పాత వెండి ఫిల్లింగ్ ఉంటే దాని పొడి దిగి మచ్చ పడొచ్చు. ఇంప్లాంట్ భాగాలు ఒరుసుకుని పొడి దిగొచ్చు. అరుదుగా మరేదైనా కావచ్చు, మచ్చ పెరుగుతూ ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపాలి. మీ అమ్మగారి విషయంలో నన్ను ఆలోచింపజేసింది రంగు కాదు, రక్తం. లోపల లోతెంతో కొలిచారా? మొదటి ఏడాది ఎక్స్‌రే పక్కన ఇప్పటిది పెట్టి చూశారా?

నిజంమాట
డాక్టర్లు ఇలాగే అంటారు. వ్యాపారం. ఒక్కో ఇంప్లాంటుకి ఎంత గుంజుతారో అందరికీ తెలుసు. టైటానియం డయాక్సైడ్‌ని యూరప్‌లో నిషేధించారు. అదే పదార్థం నోట్లో పెట్టి ఎముకలో బిగిస్తారా?

ఉక్కుమనిషి
మాది పాలకొల్లు, ఉద్యోగం విశాఖలో, చదివింది లోహశాస్త్రం. ఇది నా ఇలాకా కాబట్టి కల్పించుకుంటున్నాను.

నిజంమాట గారూ, యూరప్ 2022లో ఆపింది తినే పదార్థాల్లో తెల్లరంగు కోసం కలిపే ఈ171 పొడిని. అది కడుపులోకి రోజూ వెళ్ళే పొడి, జన్యువులకి హాని చేయదని గట్టిగా చెప్పలేమన్నారు కాబట్టి ఆపారు. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ "కాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో పెట్టింది పీల్చే పొడిని, అదీ ఎలుకల మీద చూసి. ఈ రెండూ ఇంప్లాంట్ గురించిన తీర్పులు కావు. మీ అనుమానాన్ని కొట్టిపారేయట్లేదు, వేరే ఊరి తీర్పు తెచ్చి ఈ ఊళ్ళో చదవకండి అంటున్నాను.

టైటానియం అనగానే తుప్పు పట్టదు అంటారు. అది సగం మాట. లోహం ముఖం గాలికి తగలగానే రెప్పపాటులోపు దాని మీద ఆక్సైడ్ పొర పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే, కానీ ఆ పలచటి చొక్కాయే దాని బలమంతా. గీరితే మళ్ళీ తొడుక్కుంటుంది. అయితే అదే చోట రోజూ గీరుతూ ఉంటే? తొడుక్కోవడం, ఊడడం, ఊడినప్పుడల్లా కాస్త పొడి. దీన్ని మా భాషలో ఫ్రెటింగ్ అంటాం, అంటే జుట్టంత సందులో జరిగే ఒరిపిడి.

ఇంప్లాంట్ ఒక్కటే ముక్క కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఎముకలో ఉండే స్క్రూ వేరు, దాని మీద కూర్చునే అబట్‌మెంట్ వేరు, ఆ రెంటినీ పట్టే లోపలి చిన్న స్క్రూ వేరు, పైన క్యాప్ వేరు. ఎముకలో ఉండేది చాలావరకు శుద్ధ టైటానియం, పై భాగాలు తరచుగా అల్యూమినియం 6 శాతం, వెనేడియం 4 శాతం కలిపిన మిశ్రమం. నమిలిన ప్రతిసారీ ఆ అతుకు దగ్గర కొంచెం కదలిక. స్క్రూ గట్టిగా ఉంటే లెక్కలోకి రాదు. వదులైతే కథ మారుతుంది.

రొయ్యలచెరువు
ఆయ్, మంచి మాట చెప్పారు. భీమవరం దగ్గర నాకు ఏరియేటర్లు, అంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు, బాగుచేసే షెడ్డు ఉంది. పంటి సంగతి నాకు తెలీదు గానీ ఒరిపిడి సంగతి తెలుసు. ఉప్పునీటి చెరువులో షాఫ్ట్ బిగింపు సరిగ్గా ఉంటే మూడేళ్ళు తిరుగుద్ది. ఒక్క బోల్టు వదులైతే నెలరోజుల్లో బేరింగ్ గ్రీజు నల్లగా, వేళ్ళ మధ్య రుద్దితే ఇసకలా తగులుద్ది. రైతొచ్చి "ఉప్పునీళ్ళు తినేశాయండి" అంటాడు. నీళ్ళు కాదు బాబూ, బోల్టు. నీళ్ళు తర్వాత వచ్చి మిగతా పని చేస్తాయి.

ఇంకోటి, రెండు రకాల లోహం ఉప్పునీళ్ళలో అంటుకుని ఉంటే తక్కువ రకం తొందరగా పోతుంది. నోట్లో లాలాజలం కూడా ఉప్పే కదా? పక్కపక్కన వేరే లోహం క్యాప్ ఉంటే ఇబ్బందేనా డాక్టరుగారూ?

చిగుళ్ళవైద్యం
రొయ్యలచెరువు గారికి దండం. మా విద్యార్థులకి ఈ గ్రీజు ఉదాహరణే చెప్తాను ఇకనుంచి.

అవును, వేరు వేరు లోహాలు తగిలితే కొద్దిపాటి విద్యుత్తు నడుస్తుంది. టైటానియం మీద పొర గట్టిది కాబట్టి మామూలుగా నష్టపోయేది పక్క లోహమే. చౌకరకం మిశ్రమంతో చేసిన క్యాప్‌లకి ఈ భయం ఎక్కువ. మంచినీళ్ళు ఉప్పగా ఉండటంవల్ల ఇంప్లాంటుకి ఏమీ కాదు, అది కూడా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది నన్ను తీరం ఊళ్ళవాళ్ళు తరచూ అడుగుతారు. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. మామూలు పేస్టుతో భయం లేదు. కానీ క్లినిక్‌లో పూసే ఆమ్లపు ఫ్లోరైడ్ జెల్ టైటానియం పొరని తింటుంది. ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి.

గార తీసేటప్పుడు కూడా అంతే. లోహపు మొనతో కంపించే యంత్రం ఇంప్లాంట్ మీద పెడితే గీతలు పడి, పొడి అక్కడికక్కడే చిగురులో దిగుతుంది. ప్లాస్టిక్ తరహా మొనలు ఉంటాయి, గ్లైసిన్ పౌడర్ గాలితో చిమ్మే పద్ధతి ఉంది. అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. కోప్పడితే వేరేచోటికి వెళ్ళండి.

తెల్లపన్ను
ఇంత గోలెందుకు, జిర్కోనియా అనే పింగాణీ రకం పెట్టించుకుంటే సరి. లోహమే లేదు. తెల్లగా ఉంటుంది, చిగురు నల్లబడదు. నేను పెట్టించుకుని రెండేళ్ళయింది, హాయిగా ఉన్నాను.

ఉక్కుమనిషి
మీకు హాయిగా ఉంటే సంతోషమే. కానీ పొడి ఉండదు అన్నది తప్పు. జిర్కోనియా కూడా అరుగుతుంది, దాని రేణువులూ చిగురులో కనబడ్డాయి. పైగా ఓ తమాషా ఉంది. టైటానియం ఇంప్లాంట్ మీద "అందంగా ఉంటుంది" అని జిర్కోనియా అబట్‌మెంట్ నేరుగా కూర్చోబెడితే, గట్టిది మెత్తదాన్ని అరగదీస్తుంది. టైటానియం మీద టైటానియం కూర్చున్నదానికన్నా ఎక్కువ అరుగుదల ఉందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అందుకే ఇప్పుడు చాలామంది కింద టైటానియం మెట్టు పెట్టి పైన జిర్కోనియా అతికిస్తున్నారు.

పంటురేవు
రాత్రికి రాస్తానన్నాను కదా. మా మావయ్యగారికి నర్సాపురంలో ఉంటున్నప్పుడు అచ్చం ఇలాగే, చిగురు వాచి చీము. ఇంట్లో అందరం లోహం పడలేదన్నాం. అలర్జీ టెస్టులు చేయించమని నేనే పోరాను. చివరికి తేలిందేంటంటే క్యాప్ అతికించిన సిమెంటు చిన్న తునక చిగురు కింద ఉండిపోయింది. తీసేస్తే మూడు వారాల్లో తగ్గింది. టైటానియం పాపం ఏమీ ఎరగదు.

చిగుళ్ళవైద్యం
ఇది నేను రాద్దామనుకున్నదే. 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో వాపు ఉన్న ఇంప్లాంట్లని సన్నటి కెమెరాతో చిగురు కిందకి చూస్తే 81 శాతం వాటిలో మిగిలిపోయిన సిమెంటు కనబడింది. రోగులు 39 మందే, చిన్న పరిశీలనే, అయినా నేను మరిచిపోలేని అంకె అది. ఇక అలర్జీ ఉంది కానీ చాలా తక్కువ. 1500 మందిని చూసిన ఒక అధ్యయనంలో తొమ్మండుగురికి తేలింది. చర్మం మీద పట్టీ వేసి చేసే పరీక్ష టైటానియం విషయంలో అంత నమ్మదగ్గది కాదు, అందుకే ముందు దాని వెంట పరిగెత్తొద్దంటాను.

నిజంమాట
సరే, పొడి వస్తుందని మీరే ఒప్పుకున్నారు. అది చిగురు దగ్గరే ఆగుతుందని గ్యారంటీ ఏమిటి?

చిగుళ్ళవైద్యం
గ్యారంటీ లేదు. మంచి ప్రశ్న. తుంటి మార్పిడి జరిగి, తర్వాత వేరే కారణాలతో చనిపోయిన కొందరి కాలేయంలో, ప్లీహంలో, లింఫ్ గ్రంథుల్లో లోహపు రేణువులు దొరికాయి. తుంటి కీలు చాలా పెద్దది, బరువు మోస్తూ రోజూ వేలసార్లు రుద్దుకుంటుంది. పంటి ఇంప్లాంట్ నుంచి వచ్చేది దానితో పోలిస్తే చాలా కొద్ది, జంతువుల్లో మాత్రం దూరపు అవయవాల్లో కొంత కనబడింది. దానివల్ల మనుషుల్లో జబ్బు వచ్చిందని చూపించినవాళ్ళు లేరు. కొబ్బరితోట గారి బావగారు పంపిన వీడియోలో మొదటి సగం నిజం, రెండో సగం గాల్లోది.

స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి, తర్వాత తీయబోతే ఊడిరాలేదు. ఎముక దాన్ని తనదనుకుంది. 1965లో మొదటి మనిషికి పెట్టారు. ఆ రోగి దాదాపు నలభై ఏళ్ళు ఆ పళ్ళతోనే తిన్నాడు.

కొబ్బరితోట
అందరూ రాసింది అమ్మకి చదివి వినిపించానండి. గ్రీజు మాట దగ్గర ఆపమంది. "ఒరే, నాది కూడా కొంచెం కదులుద్దిరా, పెసరట్టు నమిలేటప్పుడు టిక్ మంటది" అంది! నాలుగు నెలలుగా ఉందట. నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదట. నేను వేలు పెట్టి చూస్తే కదిలినట్టే ఉంది, లేనట్టే ఉంది.

చిగుళ్ళవైద్యం
ఈ మాట మొదట్లోనే రావలసింది. ఇంప్లాంట్ మొత్తం కదిలితే అది వేరే సంగతి, కానీ ఎక్స్‌రేలో ఎముక పట్టు బాగుందన్నారు కాబట్టి చాలావరకు లోపలి స్క్రూయే వదులై ఉంటుంది. ఆ వైపు నమలొద్దని చెప్పండి. ఈ వారంలో చూపించండి. పెట్టిన కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ మీ ఫైలులో ఉందేమో వెతకండి. లేకపోతే సరైన స్క్రూ డ్రైవర్ దొరకడానికే సగం రోజు పోతుంది.

రొయ్యలచెరువు
చెప్పానా, బోల్టు!

కొబ్బరితోట
(పది రోజుల తర్వాత)
వెళ్ళొచ్చామండి. ఈసారి వేరే ఊళ్ళో, డెంటల్ కాలేజీలో చూపించాం. స్టిక్కరు అమ్మ బీరువాలో రేషన్ కార్డు కింద దొరికింది, అదృష్టం.

డాక్టరమ్మ ముందు సన్నటి ప్లాస్టిక్ పుల్లతో చుట్టూ ఆరుచోట్ల లోతు కొలిచారు. ఒకచోట 5 మిల్లీమీటర్లు, రక్తం. తర్వాత క్యాప్ నడినెత్తిన చిన్న రంధ్రం చేసి, అందులోంచి స్క్రూ తిప్పారు. తిప్పడం కూడా కాదు, వేలితోనే కదిలిపోయింది. క్యాప్ పైకి తీయగానే వాసన! అమ్మకి అది తెలిసి ముఖం చిన్నబోయింది. డాక్టరమ్మ "అందరికీ అంతేనమ్మా, మూసిన డబ్బా కదా" అన్నారు.

లోపల చూపించారు. అతుకు అంచున బూడిదరంగు పేస్టులాంటిది. దూదితో తుడిస్తే దూది మీద నల్లటి గీత పడింది, కాటుక తుడిచినట్టు. అందులో లోహం ఎంత, పాచి ఎంత అంటే, అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి పంపితేగానీ తేలదని, పంపినా వైద్యం మారదని చెప్పారు. అతుకు ముఖాలు అద్దంతో చూసి ఇంప్లాంట్ దెబ్బతినలేదన్నారు. శుభ్రం చేసి, కొత్త స్క్రూ పెట్టి, కొలత చూపే రెంచితో 35 న్యూటన్-సెంటీమీటర్లకి బిగించారు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ బిగించారు, మొదటిసారి బిగింపు కొంచెం సర్దుకుంటుందట. కొరుకు చూస్తే ఆ క్యాప్ మిగతా పళ్ళకన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. అందుకే వదులై ఉంటుందన్నారు. అరగదీశారు, నోటి బయట, క్యాప్ చేతిలో పట్టుకుని. పొడి నోట్లో పడకుండా అని నేను అడక్కుండానే చెప్పారు.

పాత ఎక్స్‌రేతో పోలిస్తే ఎముక సుమారు ఒక మిల్లీమీటరు దిగిందట. షుగర్ మూడు నెలల సగటు చూపించమన్నారు. 7.9 వచ్చింది. అది తగ్గించకపోతే ఎవరు ఏం బిగించినా లాభం లేదని అమ్మకి గట్టిగా చెప్పారు. నేను చెప్తే ఎప్పుడైనా వినిందా!

నిజంమాట
మంచిది. ఆ మొదటి డాక్టరు స్క్రూ ఎందుకు చూడలేదు?

కొబ్బరితోట
తెలియదండి. అమ్మ కూడా టిక్ మంటోందని చెప్పలేదు కదా. ఇద్దరిదీ ఉంది.

చిగుళ్ళవైద్యం
చాలా మంచి వార్త. రంగు విషయంలో ముందే చెప్తున్నా: రక్తం ఆగిపోవచ్చు గానీ ఆ బూడిద మచ్చ పూర్తిగా పోకపోవచ్చు. దిగిన రేణువులు కణాల్లోనే ఉండిపోతాయి, పచ్చబొట్టు ఉన్నట్టు. మచ్చ పెద్దదవుతోందా, అన్నదే చూడాలి. ఈ రోజే ఒక ఫోటో తీసి తేదీ వేసి ఉంచండి.

కొబ్బరితోట
(మూడు నెలల తర్వాత)
రక్తం ఆగిందండి. లోతు 5 నుంచి 4కి వచ్చింది. మచ్చ అలాగే ఉంది, పెరగలేదు. ఫోటో పక్కన ఫోటో పెట్టి చూశాం. షుగర్ 7.2. సందుల్లో తోమే సన్నటి బ్రష్ అలవాటైంది, మా అమ్మాయి రోజూ గుర్తుచేస్తుంది. తీయించమనడం మానేసింది. నిన్న ఆత్రేయపురం పూతరేకులు తెస్తే "ఇవి నమలక్కర్లేదులే" అని రెండు తినేసింది, షుగర్ మాట ఎత్తనివ్వలేదు.

ఉక్కుమనిషి
ఆ పాత స్క్రూ పారేయలేదు కదా? మర దగ్గర ఒకవైపు మాత్రమే మెరుస్తూ ఉండాలి, ఎత్తు క్యాప్ లెక్క ప్రకారం. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టగలరా?

కొబ్బరితోట
ఉందండి, డాక్టరమ్మ చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చారు. బియ్యపుగింజలో సగం ఉంటుంది. అమ్మ దాన్ని సూదీదారాల డబ్బాలో పెట్టుకుంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది. ఇప్పుడు మా పిన్నిగారింటికి పట్టుకెళ్ళింది. వచ్చాక తీసి పెడతాను.